పౌరహక్కుల నాయకుల పేరిట అమెరికాలో స్మారక తపాలా బిళ్ల కోసం ప్రతిపాదన ఎలా పంపాలి

మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ హత్యకు గురైన మరుసటి ఏడాదే, అంటే 1969 జనవరి 25న, భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో 20 పైసల స్మారక బిళ్లను విడుదల చేసింది. ఆయన పుట్టి, పోరాడి, ప్రాణమిచ్చిన అమెరికాలో అటువంటి బిళ్ల 1979 జనవరి 13న గాని వెలువడలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో రోజా పార్క్స్, మాల్కం ఎక్స్, థర్‌గుడ్ మార్షల్, ఫానీ లూ హేమర్, జాన్ లూయిస్ వంటి ఎందరో అమెరికా బిళ్లల మీదికి వచ్చారు. అయినా పౌరహక్కుల ఉద్యమంలో అంతే నిబ్బరంగా నిలబడి, ఇప్పటికీ ఈ గౌరవం దక్కనివారు ఇంకా చాలామంది ఉన్నారు. వారిలో ఎవరి పేరునైనా ప్రతిపాదించాలని మీరు అనుకుంటే అందుకు హోదా గాని, రుసుము గాని అక్కరలేదు. కావలసినదల్లా ఒక ఉత్తరం. అయితే అమెరికా తపాలా సంస్థకు ఏటా వేల సంఖ్యలో ఇటువంటి ఉత్తరాలు అందుతుంటాయి. వాటిలో ఏ కొద్ది విషయాలో బిళ్లలవుతాయి. అందువల్ల మీ ఉత్తరం నియమాలకు లోబడి, ఆధారాలతో, సరైన సమయంలో చేరేలా చూసుకోవాలి. ఆ పనిని ఎలా చేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదట: నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది

అమెరికా తపాలా బిళ్లల విషయాలను పరిశీలించడానికి 1957లో పౌరుల సలహా సంఘం ఒకటి ఏర్పడింది. దీనిని అక్కడ సిటిజన్స్ స్టాంప్ అడ్వైజరీ కమిటీ అంటారు. దీని సభ్యులను తపాలా సంస్థ అధిపతి అయిన పోస్ట్‌మాస్టర్ జనరల్ నియమిస్తారు. ప్రజల నుంచి వచ్చిన ప్రతిపాదనలను ఈ సంఘం తన సమావేశాల్లో చర్చించి, తగినవనిపించిన వాటిని సిఫారసు చేస్తుంది. తుది నిర్ణయం మాత్రం పోస్ట్‌మాస్టర్ జనరల్‌దే.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. చాలామంది తమ శ్రమనంతా తప్పు తలుపు దగ్గర ధారపోస్తారు. ఊళ్లోని పోస్టాఫీసులో అర్జీ ఇవ్వడం, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుని చేత చట్టం చేయించాలని ప్రయత్నించడం అటువంటివే. ఏ విషయంపై స్మారక బిళ్ల వేయాలన్నది పోస్ట్‌మాస్టర్ జనరల్ పరిధిలోనిదని, దానిపై చట్ట ప్రతిపాదనలను పరిశీలించబోమని ప్రతినిధుల సభలోని సంబంధిత స్థాయీ సంఘం తన నియమాల్లోనే రాసుకుంది. చట్టసభ సభ్యుల మద్దతు లేఖ పనికిరాదని దీని అర్థం కాదు. అది మీ ప్రతిపాదనకు తోడుగా నిలవవచ్చు గాని, ప్రతిపాదనకు బదులు కాలేదు.

తర్వాత: మీరు ఎంచుకున్న వ్యక్తి అర్హతను పరీక్షించండి

ఉత్తరం రాయడానికి కూర్చునే ముందు నియమాలను ఒక్కొక్కటిగా మీ నాయకునికి అన్వయించి చూడండి. ప్రాథమిక నియమాలకు సరిపడని ప్రతిపాదన సంఘం చర్చ వరకు రాకుండానే పక్కకు పోతుంది.

జీవించి ఉన్నవారి పేరిట బిళ్ల వేయరు. మరణించి కనీసం మూడేళ్లు గడవాలి. మాజీ అధ్యక్షుల విషయంలో మాత్రమే దీనికి మినహాయింపు ఉంది. ఈ గడువు ఎప్పుడూ ఒకేలా లేదు. ఒకప్పుడు అది పదేళ్లు. వ్యవసాయ కార్మికుల నాయకుడు సీజర్ చావెజ్ 1993 ఏప్రిల్ 23న మరణించగా, ఆయన బిళ్ల సరిగ్గా పదేళ్లకు, 2003 ఏప్రిల్ 23న వచ్చింది. గడువు మూడేళ్లకు తగ్గిన తర్వాత, 2020 జులై 17న మరణించిన జాన్ లూయిస్ బిళ్ల 2023 జులై 21న అట్లాంటాలోని మోర్‌హౌస్ కళాశాలలో విడుదలైంది. ఈ రెండు తేదీల జతలను చూస్తే నియమాన్ని ఎంత కచ్చితంగా లెక్కిస్తారో తెలుస్తుంది.

ఆ వ్యక్తికి అమెరికా సమాజంతో, చరిత్రతో సంబంధం ఉండాలి. పుట్టుకతో అమెరికన్ కానక్కరలేదు. ఆ దేశ చరిత్రపై గాని, సంస్కృతిపై గాని గణనీయమైన ప్రభావం చూపిన ఇతరులను కూడా పరిగణించే వీలుంది. 1961 జనవరి 26న మహాత్మా గాంధీ చిత్రంతో అమెరికా రెండు బిళ్లలు వేసింది.

మతపరమైన కృషే ప్రధానంగా గల వ్యక్తులను, మత సంస్థలను ఈ బిళ్లలపై గౌరవించరు. పౌరహక్కుల నాయకుల విషయంలో ఈ నియమాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ ఉద్యమానికి నల్లజాతి చర్చిలే ఊపిరి పోశాయి, నాయకుల్లో పలువురు పాస్టర్లు. కింగ్ స్వయంగా పాస్టర్. అయినా ఆయనకు బిళ్ల దక్కింది బస్సుల్లో జాతి విభజనకు వ్యతిరేకంగా సాగిన మాంట్‌గొమరీ బస్సు బహిష్కరణ, 1963 వాషింగ్టన్ పాదయాత్ర, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వంటి ఘట్టాల్లో ఆయన పోషించిన పాత్ర వల్లనే. మీ నాయకుడు మతాచార్యుడైతే ఆయన విశ్వాసాన్ని దాచవలసిన పని లేదు, దాచడం న్యాయమూ కాదు. కాని ఉత్తరం నడక మాత్రం ఆయన ప్రసంగ పీఠం నుంచి కాక, ఆయన మార్చిన చట్టాల నుంచి, తెరిపించిన బడుల నుంచి, నమోదు చేయించిన ఓటర్ల నుంచి సాగాలి.

అదే విషయంపై గత 50 ఏళ్లలో బిళ్ల వచ్చి ఉండకూడదన్నది మరొక నియమం. కాబట్టి ముందుగా పాత బిళ్లలను వెతకండి. వాషింగ్టన్‌లో ఉన్న స్మిత్సోనియన్ జాతీయ తపాలా ప్రదర్శనశాల తన సేకరణల వివరాలను అంతర్జాలంలో ఉంచింది. వెతికేటప్పుడు ఒంటరిగా వచ్చిన బిళ్లలతో ఆగకండి. పలువురు నాయకులు గుంపు బిళ్లల్లో కనిపిస్తారు. జాతీయ నల్లజాతి ప్రజల అభ్యున్నతి సంఘానికి నూరేళ్లు నిండిన సందర్భంలో, 2009 ఫిబ్రవరి 21న, ఆరు బిళ్లలపై 12 మంది పౌరహక్కుల మార్గదర్శకులను ఇద్దరిద్దరి చొప్పున ముద్రించారు. ఎల్లా బేకర్, మెడ్గర్ ఎవర్స్, డైసీ బేట్స్, ఫానీ లూ హేమర్ అందులోనివారే. వీరిలో ఎవరినైనా విడిగా గౌరవించమని కోరదలిస్తే, ఆ పాత బిళ్ల సంగతి మీకు తెలుసునని ఉత్తరంలోనే చెప్పి, విడిగా ఎందుకు కావాలో వివరించాలి. తెలియనట్లు రాస్తే మీ పరిశోధనంతటిపైనా అనుమానం కలుగుతుంది.

విషాదాలను, దుర్ఘటనలను స్మరించే బిళ్లలు వేయరు. అందువల్ల హత్యకు గురైన నాయకుని గురించి రాసేటప్పుడు ఆయన మరణం చుట్టూ కాక, జీవితం చుట్టూ వాదాన్ని అల్లండి. ఎవర్స్ 1963 జూన్ 12న జాక్సన్ పట్టణంలో తన ఇంటి ముందే కాల్పులకు బలయ్యారు. కాని ఆయన గౌరవానికి ఆధారం అంతకు ముందు మిసిసిపీ అంతటా తిరుగుతూ ఆయన చేసిన పని.

జాతీయ ప్రాముఖ్యాన్ని నిరూపించడం

అసలైన శ్రమ ఇక్కడే ఉంది. దేశమంతటికీ పట్టే ప్రాముఖ్యం గల విషయాలకే బిళ్ల వేస్తారు. అయితే ఉద్యమకారుల్లో అత్యధికులు పనిచేసింది ఒక ఊళ్లో, ఒక కౌంటీలో, ఒక బడి గుమ్మం ముందు. ఆ స్థానికమైన పని దేశాన్ని ఎక్కడ, ఎలా తాకిందో చూపించవలసిన బాధ్యత ప్రతిపాదించేవారిదే.

పోంకా అనే ఆదివాసి తెగ నాయకుడు స్టాండింగ్ బేర్ ఉదాహరణ చూడండి. చనిపోయిన కొడుకును సొంత గడ్డలో పాతిపెట్టాలని నెబ్రాస్కాకు తిరిగి నడిచి వెళ్లినందుకు సైన్యం ఆయనను నిర్బంధించింది. పైకి చూస్తే అది ఒక తండ్రి కథ, ఒక చిన్న తెగ కథ. కాని 1879లో ఒమాహాలోని ఫెడరల్ న్యాయస్థానం ఆదివాసి కూడా చట్టం దృష్టిలో ఒక వ్యక్తేనని ఆ కేసులోనే తీర్పు ఇచ్చింది. ఆ వాక్యమే ఆయనను దేశ చరిత్రలో నిలిపింది. ఆయన బిళ్ల 2023 మే 12న వచ్చింది. మీ నాయకుని జీవితంలోనూ అటువంటి మలుపు ఒకటి ఉంటుంది. అది ఒక తీర్పు కావచ్చు, చట్టం కావచ్చు, ఇతర రాష్ట్రాలు అనుసరించిన ఒక పద్ధతి కావచ్చు. దానిని కనుక్కున్న తర్వాతే కలం పట్టండి.

మలుపు దొరికాక దానికి సాక్ష్యాలు పోగుచేయండి. న్యాయస్థానాల తీర్పులు, కాంగ్రెస్ ముందు ఇచ్చిన వాంగ్మూలాలు, జాతీయ అభిలేఖాగారంలోను, కాంగ్రెస్ గ్రంథాలయంలోను భద్రపరచిన పత్రాలు, ఆనాటి పత్రికల వార్తలు, ప్రామాణికమైన జీవిత చరిత్రలు మొదలైనవి గట్టి ఆధారాలు. అధ్యక్షుని స్వేచ్ఛా పతకం, కాంగ్రెస్ స్వర్ణ పతకం వంటి జాతీయ గౌరవాలు, ఆ వ్యక్తి నివసించిన ఇంటికి దక్కిన చారిత్రక స్థల హోదా కూడా లెక్కలోకి వస్తాయి. కుటుంబ సభ్యుల జ్ఞాపకాలు విలువైనవే గాని, వాటిని పత్రాలు బలపరచాలి. తేదీ ఏదైనా రెండు చోట్ల వేర్వేరుగా కనిపిస్తే, ఏది సరైనదో మూలపత్రంతో తేల్చుకునే వరకు దానిని ఉత్తరంలో చేర్చకండి. సంఘం ముందుకు వెళ్లే ప్రతి విషయంపైనా విడిగా పరిశోధన జరుగుతుంది కనుక పొరపాట్లు తప్పక బయటపడతాయి.

సాక్ష్యాన్ని ఎలా కూర్చాలో చెప్పడానికి కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ జీవితం మంచి నమూనా. ఆమె ధైర్యశాలి అని, న్యాయం కోసం జీవితమంతా పోరాడారని రాస్తే అది నూరుమందికి సరిపోయే మాట. దానికి బదులు, బడులలో జాతి విభజనను రద్దు చేసిన బ్రౌన్ కేసులో మొదటి ఫిర్యాదు పత్రాన్ని ఆమె రాశారని, అమెరికా సుప్రీంకోర్టులో వాదించిన తొలి నల్లజాతి మహిళ ఆమేనని, అక్కడ వాదించిన పది కేసుల్లో తొమ్మిదింటిని గెలిచారని, 1962లో నల్లజాతి విద్యార్థి జేమ్స్ మెరెడిత్‌కు మిసిసిపీ విశ్వవిద్యాలయంలో ప్రవేశం దక్కేలా చేశారని, 1966లో తొలి నల్లజాతి మహిళా ఫెడరల్ న్యాయమూర్తి అయ్యారని వరుసగా చెబితే, ఒక్క విశేషణం లేకుండానే ఆమె స్థాయి చదివేవారికి అర్థమవుతుంది. 2005లో మరణించిన ఆమె బిళ్ల 2024 జనవరి 31న, బ్లాక్ హెరిటేజ్ వరుసలో 47వదిగా విడుదలైంది. 1978లో, బానిసత్వం నుంచి తప్పించుకుని ఇతరులనూ విడిపించిన హ్యారియట్ టబ్‌మన్‌తో మొదలైన ఈ వరుసలో ఏటా ఒక బిళ్ల వస్తుంది. మీరు ప్రతిపాదించే వ్యక్తి ఆఫ్రికన్ అమెరికన్ అయితే ఈ వరుసను పేరుతో ప్రస్తావించడం మంచిది.

తేదీల లెక్క

కోరుకున్న విడుదల తేదీకి కనీసం మూడేళ్ల ముందు ప్రతిపాదన చేరాలి. పరిశీలన, పరిశోధన, చిత్ర రచన, అనుమతులు, ముద్రణ అన్నీ ఆ వ్యవధిలోనే జరగాలి. సందర్భాన్ని ఎంచుకునేటప్పుడు శతజయంతి వంటి గుండ్రని తేదీలు సహజంగానే బలమైనవి. రోజా పార్క్స్ 1913 ఫిబ్రవరి 4న జన్మించారు. ఆమె బిళ్ల 2013 ఫిబ్రవరి 4న, నూరవ పుట్టినరోజు నాడే వచ్చింది. అటువంటి తేదీని ఆశించేవారు ఆ రోజుకు మూడేళ్ల ముందే, అంటే 2010 ఆరంభానికే ఉత్తరం చేర్చి ఉండాలి. ఐదారేళ్లు ముందుగా పంపడం ఇంకా మేలని నా అభిప్రాయం.

వ్యక్తిని కాక సంఘటనను ప్రతిపాదిస్తే నియమం మరింత బిగువుగా ఉంటుంది. చారిత్రక సంఘటనలను 50తో భాగింపబడే వార్షికోత్సవాల్లోనే పరిగణిస్తారు. 2013లో బానిసల విముక్తి ప్రకటనకు 150 ఏళ్లు, వాషింగ్టన్ పాదయాత్రకు 50 ఏళ్లు నిండినందున రెండింటికీ అదే ఏడాది బిళ్లలు వెలువడ్డాయి. మీ నాయకునికి దగ్గరలో గుండ్రని జయంతి లేకపోయినా నిరాశపడనక్కరలేదు, వ్యక్తులకు అటువంటి వార్షికోత్సవ నిబంధన లేదు.

ఉత్తరం రాయడం, పంపడం

ప్రతిపాదనను ఇంగ్లీషులో, కాగితంపై రాసి తపాలా ద్వారా పంపాలి. సంఘం ముందు స్వయంగా హాజరై విన్నవించుకోవడానికి అనుమతి లేదు, కాబట్టి మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమొక్కటే. చిరునామా ఇది: సిటిజన్స్ స్టాంప్ అడ్వైజరీ కమిటీ, స్టాంప్ డెవలప్‌మెంట్, 475 లాన్‌ఫాంట్ (L'Enfant) ప్లాజా ఎస్‌డబ్ల్యూ, రూమ్ 3300, వాషింగ్టన్ డీసీ 20260-3501. పంపేముందు తపాలా సంస్థ వెబ్‌సైట్‌లో ఈ చిరునామాను, నియమాలను మరోసారి సరిచూసుకోండి.

ఉత్తరం రెండు పేజీలు మించకపోవడం మంచిదని నా సలహా. తొలి పేరాలోనే ఎవరి పేరిట, ఏ సందర్భానికి, ఏ ఏడాదికి బిళ్ల కోరుతున్నారో చెప్పండి. రెండవ పేరాలో ఆ వ్యక్తి జనన మరణ తేదీలు, స్థలాలు ఉండాలి. ఆపై ఇందాక చెప్పుకున్న మలుపును, దాని సాక్ష్యాలను రాయండి. ఆ కృషి ఫలితం ఇవాళ్టికీ ఎలా నిలిచి ఉందో ఒక పేరాలో చెప్పండి, ఎందుకంటే అసాధారణమైన, చిరకాలం నిలిచే కృషికే ఈ గౌరవం. చివర మీ పేరు, పూర్తి చిరునామా రాయండి. ఆధారాల ప్రతులను జతచేయండి, మూలపత్రాలను మాత్రం మీ వద్దే ఉంచుకోండి.

బొమ్మ గీసి పంపకండి. తపాలా సంస్థ తన కళా దర్శకులతోను, తాను ఎంచుకున్న చిత్రకారులతోను మాత్రమే బిళ్లలు రూపొందించుకుంటుంది. అడగకుండా వచ్చిన చిత్రాలను స్వీకరించదు. అయితే మంచి ఛాయాచిత్రాలు ఎక్కడ ఉన్నాయో, వాటి హక్కులు ఎవరివో, ఆ నాయకుని వారసులు గాని, ఆయన పేరిట నడిచే సంస్థ గాని ఎవరో తెలిస్తే ఆ సమాచారం ఎంతో ఉపకరిస్తుంది. చిత్రాల హక్కుల విషయంలో తపాలా సంస్థ జాగ్రత్త పడడానికి కారణముంది. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) అనుకుని లాస్ వెగాస్‌లోని నకలు విగ్రహం ఫొటోను బిళ్లపై వేసినందుకు, ఆ శిల్పికి సుమారు 35 లక్షల డాలర్లు చెల్లించాలని 2018లో న్యాయస్థానం ఆదేశించింది. వారసులను మీరు ముందే సంప్రదించి వారి సుముఖత తెలుసుకుంటే మర్యాదగానూ ఉంటుంది, తర్వాతి పనికి ఒక అడ్డంకీ తొలగుతుంది.

మద్దతు కూడగట్టడం

ఒకే మాటలతో అచ్చువేసిన వెయ్యి కార్డుల కంటే, వేర్వేరు కోణాల నుంచి రాసిన పది లేఖలు బలమైనవని నేను నమ్ముతాను. ఒక చరిత్ర ఆచార్యుడు ఆ కృషి ప్రాముఖ్యాన్ని వివరించవచ్చు. ఒక ప్రదర్శనశాల తన వద్ద ఉన్న పత్రాల గురించి రాయవచ్చు. వేరే రాష్ట్రం నుంచి ఒక బార్ అసోసియేషన్ గాని, ఉపాధ్యాయ సంఘం గాని రాస్తే ఆ వ్యక్తి ప్రభావం ఒక ప్రాంతానికే పరిమితం కాదన్న మీ వాదానికి అదే రుజువు అవుతుంది.

ప్రజల ఒత్తిడి ఫలించిన సందర్భాలు మొదటి నుంచీ ఉన్నాయి. ఆఫ్రికన్ అమెరికన్ పౌరులు పదేపదే అర్జీలు పెట్టుకోగా, 1940 ఏప్రిల్ 7న బుకర్ టి. వాషింగ్టన్ చిత్రంతో పది సెంట్ల బిళ్ల వచ్చింది. అమెరికా బిళ్లపై ఒక నల్లజాతి వ్యక్తి కనిపించడం అదే ప్రథమం. రెండవ ప్రపంచ యుద్ధంలో పోరాడిన జపనీస్ అమెరికన్ సైనికుల గౌరవార్థం ఒక బిళ్ల కావాలని ముగ్గురు మహిళలు 2005లో మొదలుపెట్టిన ఉద్యమం, 2021 జూన్ 3న ఆ బిళ్ల విడుదలయ్యేదాకా సాగింది. ఇటువంటి పనికి పూనుకునేటప్పుడు మీ తర్వాత దానిని కొనసాగించగల వారిని కూడా మొదటి నుంచే పక్కన చేర్చుకోండి. ఉత్తరాల ప్రతులు, జవాబులు, ఆధారాలు అన్నీ ఒకచోట పదిలపరచండి.

పంపిన తర్వాత

నియమాలకు లోబడిన ప్రతిపాదన సంఘం సమావేశపు చర్చాంశాల్లో చేరుతుంది. సంఘం దానిని తిరస్కరించవచ్చు, మరింత సమాచారం కోరవచ్చు, లేదా పరిశీలనలో ఉంచవచ్చు. పరిశీలనలో ఉన్నట్లు జవాబు వస్తే అది ఆమోదం కాదని గుర్తుంచుకోవాలి. దానిని ఆమోదంగా ప్రకటించి సభలు జరపకండి. ఎంపికైన విషయాలను తపాలా సంస్థ తానుగా వెల్లడించే వరకు బయటపెట్టదు. తిరస్కరణ వస్తే, అదే ఉత్తరాన్ని మళ్లీ పంపడం వల్ల ప్రయోజనం ఉండదు. కొత్తగా దొరికిన ఆధారం గాని, దగ్గరపడుతున్న శతజయంతి గాని ఉన్నప్పుడు కొత్త ఉత్తరం రాయండి.

బిళ్ల మంజూరైతే, తొలిరోజు ముద్ర గల కవర్ల కోసం విడుదల తేదీ నుంచి 120 రోజుల వరకు తపాలా ద్వారా కోరే అవకాశం సాధారణంగా ఉంటుంది. స్మారక బిళ్లలను అయిపోయాక మళ్లీ అచ్చువేయడం అరుదు కాబట్టి బడులకు, గ్రంథాలయాలకు కావలసినవి మొదటి నెలల్లోనే కొని ఉంచండి.

ఎదురుచూసే కాలంలో చేయగల పనులు రెండు ఉన్నాయి. మొదటిది, ఆ నాయకుని జయంతి సభ జరిగే ఊరి పోస్ట్‌మాస్టర్ ద్వారా ఆ రోజుకు ప్రత్యేక చిత్రముద్ర (బొమ్మతో కూడిన తపాలా ముద్ర) కోసం దరఖాస్తు చేయడం. రెండవది, స్థానిక పోస్టాఫీసుకు ఆయన పేరు పెట్టించడం. దీనికి కాంగ్రెస్ చట్టం చేయాలి గనుక, మీ ప్రతినిధిని కలవవలసింది ఈ పని మీదే. ఆసియా నుంచి వచ్చినవారికి పౌరసత్వ హక్కు కోసం పాటుపడి, 1956లో కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి భారతీయ అమెరికన్ దలీప్ సింగ్ సౌంద్ పేరు కాలిఫోర్నియాలోని టెమెక్యులా పోస్టాఫీసుకు ఈ విధంగానే వచ్చింది. సొంత ఫొటోతో చెల్లుబాటయ్యే బిళ్లలు ముద్రించుకునే పథకం మాత్రం 2020 జూన్ 16తో ముగిసిపోయింది. అటువంటి బిళ్లలు ఇప్పటికీ చేసి ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.